మారు వడ్డన అడిగే మనిషి

వార్డెన్ సార్ ఇక లేరన్న సంగతి నాకు ఆయన భార్య నోటనే తెలిసింది. ఆ ఉదయం దుకాణం షట్టరు ఎత్తి, కాలిపోయిన బోరు మోటారు విప్పుతూ కూర్చున్నాను. ఫోన్ మోగింది. "నాయనా, సార్‌కు చాయ్ పెట్టి పిలిస్తే పలుకుతలేరు. జర నువ్వు వస్తవా?" అన్నారామె. గొంతులో ఏడుపు లేదు. డాక్టరును పిలిచారా అని అడిగాను. "వచ్చి చూసి పోయిండు బిడ్డా. నువ్వైతే రా," అన్నారు. అప్పటికి గాని నాకు అర్థం కాలేదు.

ఏ పని మొదలుపెట్టినా ముందుగా కాగితం మీద వరుస రాసుకోవడం నాకు అలవాటు. ఆ రోజు కూడా దుకాణంలో నిలబడే రాశాను. కూతుళ్లకు ఫోను, టెంటు, కుర్చీలు, మంచుపెట్టె, పాత హాస్టలు పిల్లలకు కబురు. ఆ తరువాత, 'సార్ భోంచేసిన ఇళ్లకు కబురు' అని రాయబోయి ఆగిపోయాను. చేగుంట, ఎల్దుర్తి, అల్లాదుర్గ్, మెదక్ పట్టణంలోని వాడవాడ. ఆ ఇళ్లన్నీ గుర్తుచేసుకుని రాయడం నా వల్ల అయ్యే పని కాదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని సైకిలెక్కాను.

సార్‌ను ఎరగని పాఠకుల కోసం రెండు మాటలు. ఆయన మా పట్టణంలోని ప్రభుత్వ బాలుర హాస్టలుకు చాలా కాలం వార్డెనుగా పనిచేశారు. హైస్కూలు చదువు నేను అక్కడే ఉండి చదివాను. పదో తరగతితో నా చదువు ఆగింది. మోటార్ల వైండింగు పని వాటిని విప్పి, బిగించి నేర్చుకున్నాను. ఈ తెలుగు మాత్రం సార్ తన గదిలో పేర్చి పెట్టుకున్న పాత వారపత్రికల నుంచి నేర్చుకున్నది. ఉద్యోగ విరమణ తరువాత ఆయన నవాపేటలో మా వీధిలోనే ఇల్లు కట్టుకోవడంతో, నాకు వార్డెనుగా మొదలైన మనిషి పొరుగువారై మిగిలారు.

హాస్టలులో ఉన్నప్పుడు ఎల్దుర్తి దిక్కు పిల్లవాడొకడు మాతో ఉండేవాడు. తోటివాళ్ల పుస్తకాలు చించేవాడు, చేయి చేసుకునేవాడు, పండుగ సెలవులకు ఇంటికి పొమ్మంటే మంచం కోడు పట్టుకుని ఏడ్చేవాడు. ఒకరోజు ఇంకొక పిల్లవాడి తల పగలగొట్టాడు. ఇక వీడి పని అయిపోయిందని మేమంతా వరండాలో గుమిగూడాం. సార్ ఆ దెబ్బ తగిలిన పిల్లవాడికి కట్టు కట్టించి, బడిసంచీ లాంటి తన గుడ్డసంచీ భుజాన వేసుకుని, తల పగలగొట్టినవాడి ఊరికి బయలుదేరారు. వంటమనిషి ఆశ్చర్యపోయి, "పోరడు ఈడుంటే మీరు ఆడికి వోయి ఏం జేస్తరు సార్?" అని అడిగాడు.

"ఆళ్లింట్ల బువ్వ తిని వస్త," అన్నారు సార్.

తిరిగి వచ్చాక పిల్లవాడిని పిలిచి ఒక్క మాట అడగలేదు. తరువాత ఎప్పుడో, నేను పెద్దవాడినయ్యాక, ఆనాడు ఏం చూశారో చెప్పారు. ఆ ఇంట్లో అత్తాకోడళ్లకు పడక రెండు పొయ్యిలు పెట్టుకున్నారు. పిల్లవాడు సెలవులకు ఇంటికి వెళ్తే, ఒకరి కుండలో అన్నం తింటే రెండోవారు మూతి ముడుచుకునేవారు. వాడు ఎవరిదీ తినకుండా చెలకల వెంట తిరిగేవాడు. సార్ ఆ ఇంటి నడిమింట్లో చాప మీద కూర్చుని, కోడలి అన్నం, అత్త వండిన చింతచిగురు పప్పు ఒకే పళ్లెంలో పెట్టించుకున్నారు. రెండూ కలిపి తింటూ, "ఇది మస్తుగుంది. మీ పోరనికి ఎన్నడన్న గిట్ల పెట్టిండ్రా?" అన్నారట. అంతే. ఆ తరువాతి ఆదివారం ఆ అత్తాకోడళ్లు ఒకే టిఫిను డబ్బాతో హాస్టలు గేటు ముందు నిలబడి ఉండటం మాత్రం నేను కళ్లారా చూశాను.

ఆయన పద్ధతి అదే. చెడుతున్న పిల్లవాడిని ఎదురుగా కూర్చోబెట్టి 'ఎందుకిట్లా చేస్తున్నావు' అని అడిగేవారు కాదు. వాడి ఇంటికి వెళ్లి ఒక పూట భోంచేసేవారు. ఏ వాడ, ఎవరి ఇల్లు అని చూసేవారు కాదు. ఆ ఇంటివాళ్లు నేల మీద కూర్చుంటే నేల మీద, మంచం మీద కూర్చుంటే మంచం మీద. ఎవరు ఎవరికి వడ్డిస్తున్నారు, ఎవరు గోడవైపు తిరిగి తింటున్నారు, ఎవరి పేరు ఎత్తితే గరిటె ఆగుతోంది, ఇవి చూసేవారు. తప్పకుండా మారు అడిగేవారు. ఆకలి లేకున్నా అడిగేవారు. ఎందుకని నేనొకసారి అడిగితే, "మొదట పెట్టేది మర్యాదకు పెడ్తరు బిడ్డా. మల్ల పెట్టేటప్పుడు మాట్లాడ్తరు," అన్నారు. తిన్న పళ్లెం తానే కడిగి బోర్లించేవారు. వద్దు సార్ అని ఇల్లాలు గుంజుకోబోతే, "నా ఎంగిలికి నువ్వెందుకమ్మా పరేషాన్?" అనేవారు.

ఈ భోజనాల మీద ఆయన భార్యకు పెద్ద ఫిర్యాదే ఉండేది. "ఊరందరి ఇండ్లల్ల మారు పెట్టించుకుని, ఇంటికి షుగరు తెచ్చుకున్నడు," అని మా ముందే దెప్పేవారు. సార్ తలవంచుకుని రాగిసంగటి ముద్ద తినేవారు.

ఇక మా ఇంటి సంగతి. ఇది రాయవచ్చా అని అక్కనూ, బావనూ, మేనల్లుడినీ అడిగాను. బావ, "రాయి. గాని నా తప్పు ఎంతుందో మీ నాయన తప్పు గూడ అంతే రాయి," అన్నాడు. అలాగే రాస్తున్నాను.

మా అక్కను చేగుంటకు ఇచ్చాం. బావకు రోడ్డు మీద లారీ టైర్ల దుకాణం. మేము ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసిన రోజున అల్లుళ్లిద్దరికీ బట్టలు పెట్టాలి. పెద్దల్లుడికి ముందు, చిన్నల్లుడికి తరువాత. ఇందులో ఎవరికీ సందేహం లేదు. అయితే ఆ సమయానికి బావ నీళ్ల డబ్బాలు తేవడానికి ఆటోలో వెళ్లాడు. పూజ చేయించే అయ్యగారు ఘడియ దాటుతోందని తొందరపెట్టారు. నాయన ఎదురుగా ఉన్న చిన్నల్లుడి భుజాన కండువా కప్పాడు. బావ డబ్బాలు దింపించి లోపలికి వచ్చేసరికి చిన్నల్లుడు కొత్త కండువాతో ఫొటో దిగుతున్నాడు. తన చేతికి ఇచ్చిన పొట్లం బావ కింద పెట్టి, అక్కనూ కొడుకునూ తీసుకుని తినకుండా వెళ్లిపోయాడు. వెనక నుంచి నాయన, "పోతే పోనియ్యుండ్రి, కాళ్లు మొక్కి పిలువాల్నా?" అన్నాడు. ఆ మాట గుమ్మం దాటకముందే బావ చెవిన పడింది.

ఆ రోజుతో రాకపోకలు ఆగిపోయాయి. అక్కకు ఒడిబియ్యం పోయడం కూడా ఆగింది. పెళ్లైన ఆడపిల్లను కొన్నేళ్లకొకసారి, బేసి సంవత్సరం చూసి పిలిచి, పసుపు కలిపిన బియ్యం ఆమె ఒడిలో పోసి పంపడం మా దిక్కు ఆచారం. ఆ బియ్యం ఆమె అత్తగారింట వండి నలుగురికీ పెడుతుంది. అమ్మగారింట్లో నీకింకా చోటు ఉందని చెప్పడానికి మా వాళ్లకు తెలిసిన పద్ధతి అది. అది ఆగితే ఆడపిల్ల ఎవరితోనూ ఏమీ అనదు.

మేనల్లుడు అప్పటికి చిన్నవాడు. అంతవరకు ప్రతి శనివారం బడి వదలగానే బస్సెక్కి మెదక్ వచ్చి, మా నాయన పక్కన పడుకుని, సోమవారం పొద్దున వెళ్లేవాడు. అది కూడా ఆగింది. వాడు కాలేజీకి వచ్చేసరికి తండ్రితో మాట మానేశాడు. తరువాత కాలేజీ మానేశాడు. రోడ్డు పక్క దాబాల వెనక కూర్చునే గుంపుతో చేరాడు. ఒకరోజు ఆ గుంపు గంజాయి పొట్లాలతో దొరికింది. వయసు చూసి పోలీసులు వాడిని ఈసారికి మందలించి వదిలారు. మరోసారి దొరికితే కేసేనని చెప్పి పంపారు. అక్క ఫోనులో, "తమ్మీ, నా కొడుకు నా చేతులకెల్లి పోతుండు," అని మాత్రం అనగలిగింది.

నేను సార్ దగ్గరికి పరుగెత్తాను. వాడిని మెదక్ పిలిపిస్తాను, మీరు నాలుగు మంచి మాటలు చెప్పండి అన్నాను. సార్ పొద్దుటి చాయ్ తాగుతూ, "మంచి మాటలు ఆనికి అందరు చెప్పే ఉంటరు. మీ అక్క ఏం వండుతది?" అని అడిగారు.

మరునాడు మేమిద్దరం చేగుంట వెళ్లాం. అక్క పప్పు, వంకాయ కూర చేసింది. బావ పళ్లెం ముందుగదిలో టీవీ ఎదుట పెట్టించుకున్నాడు. మేనల్లుడు తన పళ్లెం పట్టుకుని మేడమెట్ల మీద కూర్చున్నాడు. అక్క వంటింటి గడప దగ్గర నిలబడి, ఎవరికి ఏది కావాలో ఎవరి ముఖమూ చూడకుండా వడ్డిస్తోంది. సార్ ఒక్కరే నడిమింట్లో చాప మీద కూర్చుని నెమ్మదిగా తిన్నారు. సగం తిన్నాక, "అమ్మా, మీ అమ్మగారోళ్లు నీకు ఒడిబియ్యం పోసి ఎన్నేండ్లయితుంది?" అని మామూలుగా అడిగారు.

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. "నాకు అమ్మగారిల్లు లేదు సార్," అంది.

ముందుగది నుంచి బావ, "ఆ బియ్యం లేకుంటే ఇక్కడెవరు ఉపాసం లేరు," అన్నాడు.

అంతవరకు ఎవరితోనూ మాట్లాడని పిల్లవాడు మెట్ల మీద నుంచే గట్టిగా అన్నాడు: "మీరు మీరు కొట్లాడుకుండ్రి. మా తాతను నాకెందుకు బంద్ జేసిండ్రు?"

బావ రిమోటు వెతికి టీవీ ఆపేశాడు. సార్ పళ్లెం ముందుకు జరిపి, "అమ్మా, జర పప్పు వెయ్యి," అన్నారు. అక్క కళ్లు తుడుచుకుని వచ్చి పప్పు వేసింది. ఆయన ఇంకేమీ అడగలేదు.

తిరుగు బస్సులో సార్, "గంజాయి సంగతి వేరే. దానికి దవాఖానకు తోల్కపోవాలె, తోల్కపోదాం. గాని శనివారమొస్తే యాడికి పోవాల్నో ఆ పోరనికి తెల్వలే," అన్నారు.

ఆ వారమే మా ఇంటికి భోజనానికి వచ్చారు. మా నాయన ఆయనకంటే పెద్దవాడు, మొండివాడు. సంగతి ఎత్తగానే, "ఆయన అల్లుడా, గవర్నరా సారూ? బట్టలు పెడ్తే ఇసిరికొట్టిండు," అన్నాడు.

"ఇసిరికొట్టలే, కింద పెట్టిండు," అంది అమ్మ లోపలి నుంచి.

"నువ్వు జర ఆగు. మీ అల్లునికి వకీలువా?"

సార్ ముద్ద కలుపుతూ, "సరే అన్నా, అల్లుడు బట్టలు ఇసిరికొట్టిండు. మనుమడు ఏం ఇసిరికొట్టిండు?" అని అడిగారు.

నాయన పళ్లెంలో వేళ్లు ఆడిస్తూ కూర్చున్నాడు. నేనేదో చెప్పబోతే సార్ కనుసైగతో ఆపి, అమ్మను మజ్జిగ అడిగారు. ఆమె మజ్జిగ పోస్తుండగా నాయన, ఎవరూ అడగకుండానే, తల ఎత్తకుండానే అన్నాడు: "బిడ్డకు ఒడిబియ్యం పోసి ఇది ఏడో ఏడు. బేసి ఏడే. పొయ్యొచ్చు."

ఒక్క వేలైనా మడవకుండా చెప్పాడు ఆ లెక్క. ఆయన ఇన్నాళ్లూ ఏటికేడు కూడుకుంటూనే ఉన్నాడని అప్పుడు తెలిసింది మాకు. అమ్మ మజ్జిగ చెంబుతో అలాగే నిలబడిపోయింది.

పిలవడానికి నేను వెళ్తానన్నాను. సార్ ఒప్పుకోలేదు. "పెద్దాయన పోవాలె. బట్టలు వట్టుకుని పోవాలె. ఇంటికి గాదు, దుకాణానికి పోవాలె. నలుగురి ముందర జరిగిన దాన్ని మూలకు వోయి సాఫ్ జేస్తే సాఫ్ గాదు," అన్నారు.

ముగ్గురం వెళ్లాం. బావ ఒక లారీ చక్రం ముందు కూర్చుని ఉన్నాడు. చేతుల నిండా గ్రీజు. పనివాడు మా నాయనను చూసి, "తాతా, ఏ బండి మీది?" అని అడిగాడు.

"బండి లేదు. అల్లుడున్నడు," అన్నాడు నాయన.

బావ తలెత్తి చూశాడు. చక్రం దగ్గర నుంచి లేచి, "కూసోండ్రి మామా," అన్నాడు. దుకాణంలో కుర్చీ లేదు. పక్కన పడి ఉన్న పెద్ద టైరు మీద నాయన కూర్చోబోయి, దాని నడుమ ఖాళీలోకి జారిపోయాడు. కాళ్లు పైకి, మనిషి లోపలికి. ఒళ్లోని బట్టల పొట్లం మాత్రం రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు. "అరే, ఇందులకెల్లి నన్నెవడు తీస్తడుర?" అని కేకేశాడు. పనివాడు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. బావ కూడా నవ్వాడు. లోపలి నుంచి మేనల్లుడు పరుగెత్తుకొచ్చాడు. తండ్రి ఒక రెక్క, కొడుకు ఒక రెక్క పట్టుకుని ఆయనను లేపి నిలబెట్టారు. నాయన తెల్ల అంగీ చేతుల మీద గ్రీజు ముద్రలు పడ్డాయి.

నాయన దుమ్ము దులుపుకోలేదు. పొట్లం ముందుకు చాచి, "ఆనాడు ముందుగాల నీకు పెట్టాలె. పెట్టకపోతి," అన్నాడు.

"చేతులకు గ్రీజుంది మామా."

"తుడుసుకో. నేను ఆగుత."

బావ చేతులు తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది. పాత గుడ్డతో తుడిచాడు, సబ్బుతో కడిగాడు, మళ్లీ తుడిచాడు. అప్పుడు ఎవరి ముఖమూ చూడకుండా రెండు చేతులూ చాచి పొట్లం అందుకున్నాడు. సార్ రోడ్డు అవతల నిలబడి, పోయే లారీలను చూస్తున్నారు. ఈ సంగతితో తనకు సంబంధం లేదన్నట్టు.

అక్కకు ఒడిబియ్యం పోశాం. అమ్మా నాయనా పీటల ముందు నిలబడి దోసిళ్లతో పోస్తుంటే ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు ఒడిలోంచి జారి నేల మీద దొర్లాయి. వాటిని ఏరి మళ్లీ తల్లి ఒడిలో వేసే పని మేనల్లుడు తనంత తానే తీసుకున్నాడు. చేగుంటలో ఆ బియ్యం వండిన రోజున సార్ వెళ్లారు. మారు అడగకముందే బావ వడ్డించాడు.

అంతటితో పిల్లవాడు మారిపోయాడని రాస్తే అది అబద్ధం. దవాఖానకు తిప్పాం. కొన్నాళ్లు బాగుండి, మళ్లీ పాత గుంపుతో కనిపించాడు. ఒకసారి ఇంట్లో చెప్పకుండా హైదరాబాద్ వెళ్లిపోయాడు. అక్క ఏడుస్తుంటే సార్, "ఎవరికన్న ఫోన్ జేసిండా?" అని అడిగారు. తాతకు చేశాడు. బస్టాండులో ఉన్నాను, తినలేదు అని చెప్పాడట. సార్ ముఖం వెలిగింది. "ఇంకేం గావాలె? ఆకలైతే ఎవరికి చెప్పాల్నో ఆనికి ఎరుకైంది," అన్నారు. బావ వెళ్లి తీసుకొచ్చాడు. ఆ రెండో రాకడ నిలిచింది. ఇప్పుడు వాడు తండ్రి దుకాణంలోనే చక్రాల అలైన్‌మెంటు పని చూస్తున్నాడు. శనివారాలు మెదక్ వస్తాడు.

సార్ పద్ధతి అన్నిచోట్లా పని చేయలేదు. అల్లాదుర్గ్‌లో ఒక ఇంటి తండ్రి ఆయనను గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడి పంపేశాడు. ఆ కొడుకు తరువాత ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. సార్ ఆ ఊరి పేరు వినిపించినప్పుడల్లా నా దుకాణం బెంచీ మీద కూర్చుని, "నాకు ఆ ఇంట్ల బువ్వ దొరకలే," అనేవారు. ఎవరినీ తప్పుపట్టేవారు కాదు. ఇంకొక పూట ఆ గేటు దగ్గర నిలబడి ఉండవలసిందని మాత్రం అనేవారు.

ఆయనకు ఇద్దరూ కూతుళ్లే. ఆయన అంతిమయాత్రలో పెద్దమ్మాయి నిప్పు పట్టింది. పాడె మోయడానికి నెత్తి నెరిసిన హాస్టలు పిల్లలు వరుస కట్టారు. నాలుగడుగులకొకరు భుజం మార్చుకుంటూ వచ్చారు. చౌరస్తా దాటాక ఒక పక్క కొమ్ము మా బావ, మేనల్లుడు అందుకున్నారు. ముందు బావ, వెనక వాడు. బావ పొట్టి మనిషి. వాడు తండ్రి కంటే తలంత ఎత్తు పెరిగాడు. వాడి భుజం మీద కర్ర పైకి లేచి, బరువంతా ముందుకు, తండ్రి మీదికి ఒరగబోయింది. పక్కనున్న ఎవరో, "ఎత్తు సరిపోతలేదు, నువ్వు ఇడువు బిడ్డా, నేను వడ్త," అన్నారు. వాడు విడవలేదు. మోకాళ్లు కొద్దిగా వంచి, కర్రను తండ్రి భుజం ఎత్తుకు దించాడు. వైకుంఠధామం దాకా అలా వంగే నడిచాడు. ముందు నడుస్తున్న బావకు ఆ సంగతి తెలియదు.